ఇరవై ఏడు మందితో నడుస్తున్న ఆఫీసులో రేపటి అధికారుల్ని తయారు చేయడం ఎలా?

ప్రశ్న: బెంగళూరులో ఒక జిల్లా స్థాయి ప్రభుత్వ కార్యాలయానికి ఈమధ్యే అధికారిగా వచ్చాను. మంజూరైన పోస్టులు 45, ఉన్నది 27 మంది. వీళ్లు కాక ఆరుగురు ఔట్‌సోర్సింగ్ వాళ్లు. ఆఫీసు బరువంతా ఇద్దరు సీనియర్ల మీదే ఉంది, ఇద్దరూ ఏడాదిన్నరలో రిటైరవుతారు. ట్రైనింగ్‌కు పంపినవాళ్లు వెళ్లినట్టే తిరిగొస్తున్నారు. నియామకాలు, బదిలీలు, జీతాలు ఏవీ నా చేతిలో లేవు. సిబ్బంది నిర్వహణను బాగు చేసి, బాధ్యత మోయగల మనుషుల్ని తయారు చేయాలంటే నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

సమాధానం:

ఉందమ్మా, చాలా ఉంది. నియామకాలు, బదిలీలు, జీతాలు మీ చేతిలో లేవన్నది నిజమే. కానీ ఏ ఫైలు ఎవరి టేబుల్ మీదికి వెళ్లాలి, దాని మీద నోట్ ఎవరు పెట్టాలి, మీటింగ్‌కు మీ వెంట ఎవరు రావాలి, మీరు సెలవు పెడితే ఇన్‌ఛార్జ్ ఎవరు, ఏడాది చివర ఎవరి గురించి ఏం రాయాలి, ఇవన్నీ మీరే నిర్ణయిస్తారు. ప్రభుత్వ ఉద్యోగి పనిమంతుడయ్యేదీ, పని మరిచిపోయేదీ వీటి దగ్గరే. మాది బాగేపల్లి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. కర్ణాటక ప్రభుత్వ సర్వీసులోనే జీవితమంతా గడిపి, ఎక్కువ కాలం బెంగళూరు ఆఫీసుల్లోనే పనిచేసి రిటైరయ్యాను. అక్కడ చూసిందే రాస్తున్నాను.

ముందు మీ ఆఫీసు ఈ స్థితికి ఎందుకొచ్చిందో చూద్దాం, లేకపోతే తప్పంతా ఉన్న 27 మందిదే అనిపిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వంలో మంజూరైన పోస్టులు 7.7 లక్షల దాకా ఉంటే, అందులో 2.5 లక్షలకు పైగా ఖాళీగా ఉన్నాయి. దీనికి తోడు ప్రమోషన్ల చిక్కు. ప్రమోషన్లలో రిజర్వేషన్‌కు సంబంధించిన సీనియారిటీ చట్టాన్ని 2017లో పవిత్ర కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2018లో రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది, దాన్ని 2019 మేలో అదే కోర్టు సమర్థించింది. ఎవరి పక్షం న్యాయమన్నది వేరే చర్చ. ఆఫీసుల మీద పడింది మాత్రం సీనియారిటీ జాబితాలు మళ్లీ మళ్లీ రాయడం, అవి తేలేదాకా ఇన్‌ఛార్జ్‌లతో బండి లాగడం. అందుకే చాలా చోట్ల యాభై ఐదు దాటినవాళ్లు కొందరు, ముప్పై దాటనివాళ్లు కొందరు కనిపిస్తారు, నడుమ వయసువాళ్లే తక్కువ. మీ 27 మంది వయసులు ఒక కాగితం మీద రాసుకోండి. ఈ ఇద్దరు సీనియర్ల మీదే భారం ఎందుకు పడిందో అందులోనే తెలుస్తుంది.

దేశంలో పరిపాలనా సంస్కరణల మీద రెండు కమిషన్లు వేశారు. మొదటిదానికి మొరార్జీ దేశాయ్ తర్వాత మన విధాన సౌధ కట్టించిన కెంగల్ హనుమంతయ్య గారు అధ్యక్షులు. 2005లో వేసిన రెండోదానికి వీరప్ప మొయిలీ గారు. ఇద్దరూ ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రులుగా చేసినవాళ్లే. రెండో కమిషన్ సిబ్బంది వ్యవస్థ మీదే ప్రత్యేకంగా ఒక నివేదిక ఇచ్చింది. ఐఏఎస్‌లకు సర్వీసు మధ్యలో దశలవారీ శిక్షణ కూడా 2007 నుంచి జరుగుతోంది. మీ సూపరింటెండెంట్‌కు, మీ ఎఫ్‌డీఏకు (ఫస్ట్ డివిజన్ అసిస్టెంట్‌కు) అంత పద్ధతిగా జరిగేది ఏదీ లేదు. వాళ్లకు దొరికే పెద్ద బడి మీ ఆఫీసే. అందుకే మీరు చేసే పని చిన్నదని అనుకోకండి.

మొదట పని పంపకం ఉత్తర్వు తీసి చూడండి. చాలా ఆఫీసుల్లో అది పోస్టులన్నీ నిండి ఉన్న రోజుల్లో రాసింది. తర్వాత ఒకరు వెళ్లిపోతే ఆ సీటు పని పక్కవాడి నెత్తిన పడింది. ఎవరు అడిగితే కాదనరో వాళ్ల దగ్గర కుప్ప పెరిగింది. ఫైళ్లు నడిచే కంప్యూటర్ వ్యవస్థ ఈ-ఆఫీస్‌లో ఒక్కొక్కరి పెండింగ్ తీయించి, ఆ పనుల్ని మూడు రకాలుగా విడదీయండి. రోజూ ఒకే తీరులో సాగేవి ఒక రకం: బిల్లులు, సర్టిఫికెట్లు, సెలవు మంజూర్లు. ఆలోచించి తేల్చాల్సినవి రెండో రకం: కోర్టు కేసులు, ఆడిట్ పేరాలకు (ఆడిట్‌వాళ్లు రాసిన అభ్యంతరాలకు) జవాబులు, టెండర్లు, శాఖాపర విచారణలు. బయటివాళ్లతో వ్యవహరించాల్సినవి మూడో రకం: తనిఖీలు, మీటింగులు, ఫిర్యాదులు. రెండో రకం, మూడో రకం పని ఎవరి దగ్గర ఉందో గుర్తు పెట్టి చూడండి. దాదాపు అంతా ఆ ఇద్దరి దగ్గరే ఉంటుంది. మిగతా పాతిక మంది ఏళ్ల తరబడి మొదటి రకం పని మాత్రమే చేస్తుంటే, వాళ్లలో నాయకత్వం ఎక్కడి నుంచి వస్తుంది? వాళ్లకు నిర్ణయం తీసుకునే అవకాశమే రాలేదు.

కాబట్టి పని చేయగలడనిపించిన ప్రతి ఎఫ్‌డీఏకూ, ప్రతి ఎస్‌డీఏకూ (సెకండ్ డివిజన్ అసిస్టెంట్‌కూ) రోజువారీ పనితో పాటు రెండో రకం పని ఒక్కటైనా ఇవ్వండి. ఒక్కటి చాలు, కానీ మొదటి నుంచి చివరిదాకా అది వాళ్లదే అయి ఉండాలి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో భర్త చనిపోతే కారుణ్య నియామకం మీద వచ్చిన ఒకామె ఉండేది. వచ్చిన రోజు నుంచి తపాలు సీటులోనే కూర్చోబెట్టారు. ఉత్తరాలు తీసుకోవడం, నంబరు వేయడం, పంచడం. పాపం ఆవిడ వల్ల ఇంకేం అవుతుందిలే అన్న జాలి తప్ప ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ రోజూ ఆఫీసుకొచ్చే ప్రతి ఉత్తరం చదువుతున్నది ఆమె ఒక్కతే. ఏ కోర్టు నోటీసు ఎప్పుడొచ్చింది, ఏది ఏ సెక్షన్‌లో ఆగింది అని అడిగితే రిజిస్టర్ చూడకుండా చెప్పేది. కోర్టు కేసుల సీటు ఆమెకు ఇచ్చాం. సర్కారీ వకీలు అడిగే పేరావారీ వ్యాఖ్యలు ఎలా రాయాలో ఒక సీనియర్ కొన్నాళ్లు పక్కన కూర్చుని చూపించాడు. తర్వాత కందాయ భవన్‌లో ఉద్యోగుల సర్వీసు కేసులు వినే ట్రిబ్యునల్‌కు ఫైలు పట్టుకుని తనే వెళ్లేది. జవాబు ఆలస్యమై కంటెంప్ట్ (కోర్టు ధిక్కారం) దాకా పోయే కేసులు ఆగిపోయాయి. జాలితో తేలిక పని ఇవ్వడం కూడా మనిషిని కింద ఉంచేయడమేనని ఆవిణ్ణి చూసి అర్థమైంది. మహిళా ఉద్యోగుల విషయంలో ఇది మరీ ఎక్కువ. ఇక్కడ నియామకాల్లో మహిళలకు 33 శాతం రిజర్వేషన్ ఉంది కాబట్టి మీ దగ్గర కూడా చాలామందే ఉంటారు. తనిఖీలకు, బయటి మీటింగులకు వాళ్లు వెళ్తున్నారా? వెళ్లకపోతే ఎందుకని వాళ్లనే అడగండి. బండి ఏర్పాటు, తిరిగొచ్చే వేళ లాంటి చిన్న సర్దుబాటుతో తీరే కారణాలే ఎక్కువ.

పని ఇచ్చాక నోట్ దగ్గర పట్టుబట్టాలి. మన ఆఫీసుల్లో నోట్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. వచ్చిన ఉత్తరం సారాంశం, దాని కింద నాలుగు నియమాల పేర్లు, చివర "ఆదేశాల కోసం సమర్పించడమైనది". నిర్ణయం పైవాళ్లది, రాత మాత్రం నాది అన్నమాట. ఇకనుంచి ఏ నోట్ వచ్చినా అడిగింది ఏమిటి, నియమం ఏం చెప్తోంది, నీ సిఫారసు ఏమిటి, ఎందుకు అన్నవన్నీ ఉండాలని చెప్పండి. సిఫారసు లేని నోట్‌ను వెనక్కి పంపండి. ఇక్కడ అధికారికి చాలా ఓపిక కావాలి. నోట్ బాగోలేదని మీరే తిరగరాస్తే ఆ రోజు ఫైలు కదులుతుంది, మనిషి మాత్రం అక్కడే ఉంటాడు. తిరగరాయకండి. "ఇదే రకం కేసులో గతంలో ఏం చేశాం?", "దీనికి ఆర్థిక శాఖ ఒప్పుకోలు అక్కర్లేదా?" అని ఒక ప్రశ్న రాసి తిప్పి పంపండి. మొదటి మూడు నెలలు పెండింగ్ కాస్త పెరుగుతుంది. ఈ సంగతి మీ పై అధికారికి ముందే చెప్పి ఉంచండి.

సిఫారసు రాయడానికి కిందివాళ్లు జంకేది చేతకాక కాదు, భయం వల్ల. రేపు ఆడిట్ వస్తే, లోకాయుక్తకు ఫిర్యాదు వెళ్తే, సంతకం పెట్టిన చిన్న ఉద్యోగే చిక్కుకుంటాడు, నోటితో చెప్పిన పెద్దాయన తప్పుకుంటాడు. ఇది వాళ్లు కళ్లారా చూసినదే. 2013లో టీఎస్ఆర్ సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు అధికారులు నోటి ఆదేశాల మీద నడవకూడదని, వాటిని రాతలో పెట్టాలని చెప్పింది. మీరు కూడా అది మీ నుంచే మొదలుపెట్టండి. ఫోన్‌లో ఏదైనా చెప్తే సాయంత్రానికి ఫైల్‌లో ఒక వాక్యం రాయండి. మీ అభిప్రాయానికి వ్యతిరేకంగా ఎవరైనా నోట్ పెడితే, అది అలాగే ఉండనిచ్చి, దాని కింద మీ కారణాలు రాసి మీ నిర్ణయం మీరు తీసుకోండి. ఒక్కసారి ఇది జరిగితే చాలు, ఆఫీసంతా తెలిసిపోతుంది. ఆ మేడమ్ దగ్గర నిజం రాస్తే నష్టం లేదన్న నమ్మకం వచ్చాక మీరు అడగకుండానే సిఫారసులు వస్తాయి.

ఇక ఆ ఇద్దరు సీనియర్లు. వాళ్లు వెళ్లేనాటికి ఏం చేయాలన్నది మీ అసలు గుబులు. మన దగ్గర చార్జ్ అప్పగించడమంటే సీటీసీ (చార్జ్ బదిలీ పత్రం) మీద సంతకాలు, బీరువాల తాళాలు, ఫైళ్ల జాబితా. అందులో రాయనివే ముఖ్యమైనవి. ఏ కేసు వాయిదా ఎప్పుడు, ఏ ఆడిట్ పేరాకు ఏం జవాబు ఇస్తామని మాటిచ్చాం, ఏ కాంట్రాక్టరు డిపాజిట్ వెనక్కి ఇవ్వాల్సి ఉంది, ఏ పాత ఉత్తర్వు మీద ఏ మినహాయింపు నడుస్తోంది, ఇవన్నీ వాళ్ల తలలో ఉంటాయి. అవన్నీ రాసివ్వమని అడిగితే రాయరు. రాయకూడదని కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకే తెలియదు. పనిలోంచే రాబట్టాలి.

ఒక్కో సీనియర్‌కు ఇద్దరిద్దరు చిన్నవాళ్లను జత చేయండి. ఒక్కరినే పెడితే, అతను బదిలీ అయిన రోజున మళ్లీ మొదటికొస్తారు. మొదటి ఆరు నెలలు సీనియర్ నోట్ పెడతాడు, చిన్నవాళ్లు పాత ఫైళ్లు వెతికి ఆధారాలు అందిస్తారు. తర్వాతి ఆరు నెలలు చిన్నవాళ్లు నోట్ పెడతారు, సీనియర్ చూసి పంపిస్తాడు. చివరి ఆరు నెలలు పని పూర్తిగా చిన్నవాళ్లది, సీనియర్ అడిగితేనే చెప్తాడు. ఈ మధ్యలో సీనియర్ సెలవు పెట్టినప్పుడల్లా ఇన్‌ఛార్జ్ ఉత్తర్వు ఆ ఇద్దరిలో ఒకరి పేరు మీద రాతపూర్వకంగా ఇవ్వండి. "నువ్వు చూసుకోలే" అని నోటితో చెప్తే బాధ్యత ఉంటుంది, అధికారం ఉండదు. అలాంటి ఇన్‌ఛార్జ్‌లతో మనిషి విసిగిపోతాడు, నేర్చుకోడు.

ఇందులో సీనియర్ల మనసు కూడా చూసుకోవాలి. ముప్పై ఏళ్లు చేసిన పనిని ఇంకొకరి చేతిలో పెట్టమంటే, నా అవసరం తీరిపోయిందా అన్న బాధ కలుగుతుంది. కొందరు సమాచారం దాచుకునేది అందుకే. వాళ్లను పిలిచి కూర్చోబెట్టి, మర్యాదగా, సూటిగా అడగండి: "అయ్యా, మీరు వెళ్లాక కూడా ఈ ఆఫీసు మీ పద్ధతిలో నడవాలి, ఇద్దరిని తయారు చేసి ఇవ్వండి." వాళ్లు నేర్పిన సంగతి వాళ్ల వార్షిక నివేదికలో పేర్లతో సహా రాయండి. పది మంది ఉన్న మీటింగ్‌లో చెప్పండి. ప్రమోషన్ ఇక రాని వయసులో వాళ్లకు దక్కే గౌరవం అదే. దాన్ని తక్కువ చేయకండి.

వార్షిక నివేదిక గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మన ఆఫీసుల్లో దీన్ని మార్చి తర్వాత ఒక మధ్యాహ్నం కూర్చుని అందరికీ ఒకే ముక్క రాసి ముగిస్తారు. దేవ్‌దత్ కేసు మీకు శిక్షణలో చెప్పి ఉంటారు. ఆయన సరిహద్దు రోడ్ల విభాగంలో ఇంజనీరు. ఒక ఏడాది ఆయనకు "గుడ్" అని రాశారు. పై పోస్టుకు "వెరీ గుడ్" కావాలి కాబట్టి ప్రమోషన్ పోయింది. "గుడ్" చెడ్డ మాట కాదు కదా అని ఆయనకు ఆ ఎంట్రీ తెలియజేయలేదు. 2008లో సుప్రీంకోర్టు, మంచిదైనా చెడ్డదైనా ప్రతి ఎంట్రీనీ ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని తీర్పు చెప్పింది. చాలామంది అధికారులు దీని నుంచి తీసుకున్న పాఠం, ఎందుకొచ్చిన టెన్షన్ అని అందరికీ "వెరీ గుడ్" రాసేయడం. దానివల్ల బాగా పనిచేసేవాడికి అన్యాయం జరుగుతుంది, పనిచేయనివాడికి ఎక్కడ లోపముందో ఎవరూ చెప్పరు. మీరు ఏప్రిల్‌లోనే ప్రతి ఒక్కరినీ పిలిచి, ఈ ఏడాది నీ నుంచి ఫలానా రెండు పనులు కావాలని చెప్పి, ఇద్దరూ రాసుకోండి. సెప్టెంబర్, అక్టోబర్‌లో ఇంకోసారి కూర్చోండి. లోపం ఉంటే అప్పుడే చెప్పండి, సరిచేసుకోవడానికి టైమ్ ఉంటుంది. నివేదికలో విశేషణాల బదులు పనులు రాయండి. "శ్రద్ధాసక్తులు గల ఉద్యోగి" అన్న మాట ఎవరికీ ఉపయోగపడదు. "ఎనిమిదేళ్లుగా ఆగిన ఆడిట్ పేరాకు రికార్డు వెతికి జవాబు తయారు చేశారు" అని రాస్తే, ట్రిబ్యునల్‌కు వెళ్లినా అది నిలబడుతుంది.

ఇక్కడే ఇంకో సంగతి. మన రాష్ట్రంలో ప్రమోషన్ రానివాళ్లకు పదేళ్లకు, పదిహేనేళ్లకు జీతంలో కాలబద్ధ పెరుగుదల ఇస్తారు. మంచి ఏర్పాటే, ఇంటికి ఊరట. కానీ జీతం మెట్టు ఎక్కినా పని మెట్టు మారదు. అదే సీటు, అదే రిజిస్టర్. అలాంటివాళ్లు మీ దగ్గర ఎవరున్నారో సర్వీస్ రిజిస్టర్లు చూసి గుర్తించండి. జీతం పెరిగిన నెలలోనే పిలిచి ఒక కొత్త బాధ్యత అప్పగించండి. వాళ్లలో చాలామంది పని రాక ఆగినవాళ్లు కాదు. పిలిచి ఇచ్చినవాళ్లు లేక ఆగినవాళ్లు.

ట్రైనింగ్ గురించి క్లుప్తంగా చెప్తాను. 2012 జాతీయ శిక్షణా విధానం జీతాల బడ్జెట్‌లో కనీసం రెండున్నర శాతం శిక్షణకు కేటాయించాలంది. 2020లో కేంద్రం మిషన్ కర్మయోగి తెచ్చింది, దాని ఆన్‌లైన్ వేదిక ఐగాట్‌లో కోర్సులు బోలెడు ఉన్నాయి. మనకు మైసూరులో పరిపాలనా శిక్షణ సంస్థ, జిల్లాల్లో శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. లోటు కోర్సులది కాదు, పంపే పద్ధతిది. ఆ వారం ఎవరి పని తక్కువగా ఉంటే వాళ్లను పంపుతాం. తిరిగొచ్చాక ఏం నేర్చుకున్నావని అడగం. టెండర్ల పని కొత్తగా ఇచ్చినవాణ్ణే టెండర్ల శిక్షణకు పంపండి, పని ఇచ్చిన నెలలోపే పంపండి. వచ్చిన వారంలో తోటివాళ్లకు అరగంట చెప్పమనండి. ప్రొబేషన్‌లో ఉన్న పిల్లలకు శాఖాపర పరీక్షలు, కన్నడ పరీక్ష ఎప్పుడు రాయాలో మీరే గుర్తు చేయించండి. పరీక్ష గడువు మరిచి ప్రొబేషన్ ఆగిపోయినవాళ్లను చూశాను, ఆ దిగులుతో పని మీద మనసు పెట్టలేరు.

గడువులోగా జనానికి సేవలు అందించే సకాల పథకం లెక్కల్ని కూడా ఈ కోణంలో వాడుకోండి. 2012 ఏప్రిల్‌లో మొదలైన ఆ పథకంలో సేవ ఆలస్యమైతే రోజుకు 20 రూపాయల చొప్పున 500 దాకా దరఖాస్తుదారుకు ఇవ్వాలి, అది ఆలస్యం చేసిన ఉద్యోగి నుంచే రాబడతారు. అందుకే ఆ లెక్క కనిపిస్తేనే సిబ్బందికి బెదురు. నెలకోసారి సెక్షన్‌వారీగా ఆ లెక్క ముందు పెట్టి, ఏ సీటులో ఆలస్యం ఎక్కువుందో చూసి, అక్కడికి మనిషిని కలపాలా, అక్కర్లేని సంతకం ఒకటి తీసేయాలా అని వాళ్లతోనే చర్చించండి. ఆ చర్చను ప్రతిసారీ ఒక్కో కేస్ వర్కర్‌తో (ఫైలు చూసే ఉద్యోగితో) నడిపించండి. నలుగురి మధ్య కూర్చుని తేల్చడం అక్కడ అలవాటవుతుంది.

సీట్ల మార్పిడి దగ్గర మీకు ఒత్తిడి వస్తుంది. డబ్బు తిరిగే సీట్లు, జనం తిరిగే సీట్లు ఎవరికి కావాలో ఎవరెవరో ఫోన్ చేస్తారు. మన రాష్ట్రంలో 2007లో టీచర్ల బదిలీలకు చట్టం తెచ్చి కౌన్సెలింగ్ పద్ధతి పెట్టారు. ఖాళీలు అందరి ముందూ ఉంటాయి, వరుస అందరికీ తెలుసు, ఎవరి వంతు వస్తే వాళ్లు కోరుకుంటారు. మీ ఆఫీసు లోపల సీట్లకు కూడా అలాంటిదే చిన్నగా పెట్టుకోండి. ఏ సీటులో ఎన్నేళ్లు ఉండొచ్చో ముందే నోటీసు బోర్డు మీద వేయండి. మారేటప్పుడు పాతవాళ్లు, కొత్తవాళ్లు ఒక నెల కలిసి పనిచేయాలని అందులోనే రాయండి. ఫోన్ చేసినవాళ్లకు ఆ కాగితమే మీ జవాబు.

ఔట్‌సోర్సింగ్ ఆరుగురినీ లెక్కలోంచి వదిలేయకండి. కాంట్రాక్టరు వాళ్లకు జీతం సరిగా ఇస్తున్నాడో లేదో కూడా మీరు చూసుకోవాలి. ప్రతి నెలా పీఎఫ్, ఈఎస్ఐ కట్టిన చలానాలు చూశాకే ఏజెన్సీ బిల్లు పాస్ చేయండి. కంప్యూటర్ పని అంతా వాళ్లతో చేయించి, పాస్‌వర్డులు కూడా వాళ్ల చేతిలో పెట్టే అలవాటు మీ దగ్గర ఉంటే వెంటనే ఆపించండి. తప్పు జరిగితే బలయ్యేది ఆ పిల్లలే.

ఇంత చేసి తయారు చేసినవాణ్ణి రెండేళ్లకు బదిలీ చేసి తీసుకుపోతారు, అప్పుడు బాధ కలుగుతుంది. మా దగ్గర తయారైనవాళ్లను వేరే శాఖలు అడిగి మరీ తీసుకుపోయాయి. మొదట్లో నాకూ ఉసూరుమనిపించేది. తర్వాత వాళ్లు సూపరింటెండెంట్లయి, అధికారులయి, తమ కింది వాళ్ల నోట్లను తిరగరాయకుండా ప్రశ్న రాసి పంపుతున్నారని తెలిశాక సంతోషమే మిగిలింది. మీరు చేస్తున్నది మీ ఆఫీసు కోసమే కాదు, రాష్ట్రం కోసం కూడా.

ఈ వారంలో చేయాల్సింది రెండే. 27 మంది పేర్లు, వయసులు, ఎవరి దగ్గర ఏ రకం పని ఉందో ఒక పట్టికగా వేయండి. ఆ ఇద్దరు సీనియర్లనూ విడివిడిగా పిలిచి, తమ పని ఎవరికి నేర్పితే బాగుంటుందని వాళ్లనే పేర్లు అడగండి. మీరు అనుకోని పేరు ఒకటైనా చెప్తారు. ఆ పట్టిక తయారయ్యాక, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. పెండింగ్ ఆడిట్ పేరాలు, కోర్టు కేసులు ఎన్నో కూడా రాయండి. ఏ పని ఎవరికి మార్చవచ్చో వరుసగా చూసి చెప్తాను.